చల్లగా, తొందరగా ఇంటికి

విజయవాడ, వన్ టౌన్
19 జనవరి 2025

అత్తా,

నీ చెవికి ఫోన్ పడదు, ఇప్పుడు నా దగ్గర ఫోనే లేదు. మా హాకీ కోచ్ రాజ్యలక్ష్మి మేడం నిన్న అందరి ఫోన్లూ ఒక స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టేశారు. ప్లేఆఫ్స్ అయ్యేదాకా అవి అందులోనే ఉంటాయి. "ఇంటికి ఏమైనా చెప్పాలంటే కాగితం మీద రాయండి, బుర్ర కుదురుగా ఉంటుంది" అన్నారు. మిగతా అమ్మాయిలు గొణిగారు గానీ నాకు సంతోషమే వేసింది. ఇంట్లో నా ఉత్తరం చదవగలిగేది నువ్వొక్కదానివే. నేను ఆరో తరగతిలో ఉండగా పలక పట్టుకుని నీ పక్కన కూర్చుని నీకు అక్షరాలు దిద్దించినందుకు ఇన్నాళ్ళకి ఫలితం దక్కింది.

మమ్మల్ని ఉంచిన చోటు చూస్తే నవ్వుతావు. ఒక గోడౌన్ మీది అంతస్తు. కింద అంతా ఎండుమిరపకాయల బస్తాలు. పొద్దున్నే హమాలీలు బస్తాలు దించడం మొదలుపెట్టగానే పైన జట్టు మొత్తం తుమ్ముతుంది. ముందు సుస్మిత అందుకుంటుంది, మాకు గోల్స్ కొట్టే అమ్మాయి. తర్వాత ఒకరి వెంట ఒకరం. హమాలీలు మాకు తుమ్ముల జట్టు అని పేరు పెట్టారు. మన ఊరి బాబీ బెల్లం దించే కొట్టు కూడా ఈ సందులోనే ఉంది. అందుకే ఈ ఉత్తరం అతని ట్రాలీ ఆటోలో పంపిస్తున్నాను. నువ్వు రాసింది కూడా అతనికే ఇవ్వు, పోస్టు కంటే ముందు చేరుతుంది.

ఇక ఆట సంగతి. నాలుగు జట్లు మిగిలాం. మేము, విశాఖ, కడప, అనంతపురం. ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఒక్కోసారి ఆడాలి. గెలిస్తే మూడు పాయింట్లు, సమానంగా ముగిస్తే ఒకటి, ఓడితే ఏమీ రాదు. చివరికి పైన ఉన్న రెండు జట్లు ఫైనల్ ఆడతాయి. మిగతా రెండూ ఇంటికి వెళ్తాయి.

నాన్న అన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. "ఈసారి ఫైనల్‌కి వెళ్తే ఇంకో ఏడాది ఆడుకో. లేకపోతే హాకీ చాలు, ఉయ్యూరులో స్కూలు వాళ్ళు రమ్మంటున్నారు, ఫిబ్రవరిలో చేరిపో" అన్నారు. నేను సరేనన్నాను. మన ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. డిగ్రీ పెట్టెలో పెట్టి కర్ర పట్టుకుని తిరుగుతుంటే నాన్నకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. స్కూలు ఉద్యోగం చెడ్డదేమీ కాదు. కానీ అత్తా, గోల్ ముందు నిలబడినప్పుడు నేను ఎంత నిండుగా ఉంటానో అంత నిండుగా ఇంకెక్కడా ఉండను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

గోనెసంచుల్లో ఎండిన చెరకాకు కూరి నువ్వు నాకు కుట్టిచ్చిన మొదటి ప్యాడ్ల కథ ఇక్కడ అందరికీ చెప్పాను. మేడం నవ్వి నవ్వి, "మీ అత్తని ఒకసారి చూడాలి హెలెన్" అన్నారు.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

నీ హెలెన్


ఉయ్యూరు పక్కన, చర్చి వీధి
21 జనవరి 2025

నా తల్లి హెలెన్‌కి, గుణదల మరియమ్మ చల్లని చూపు ఎప్పుడూ నీ మీద ఉండాలి.

నీ ఉత్తరం బాబీ తెచ్చిచ్చాడు. కవరుకి బెల్లం జిగురు అంటుకుని విప్పటానికే సగం పొద్దు పట్టింది. రెండుసార్లు నాకోసం చదువుకుని, ఒకసారి మీ అమ్మకీ నాన్నకీ పైకి చదివాను. "అక్కా, నువ్వింత నిదానంగా చదివితే అక్కడ ఆట కూడా అయిపోద్ది" అన్నాడు మీ నాన్న. అయితే నువ్వు చదువుకోరా బాలశౌరీ, చూద్దాం అన్నాను.

నిండుగా అని రాశావే, ఆ మాట కాడ మాత్రం వాడికి వినపడకుండా దాటేశాను. అది నాకు రాసింది గదా.

ఇక్కడ చెరకు జోరు మీద ఉంది. ఫ్యాక్టరీ మసి ఉతికిన బట్టలన్నిటి మీదా పడుతోంది. మీ నాన్న పగలంతా యార్డులో చెరకు ట్రాక్టర్లకి టోకెన్లిచ్చి, వరసలో పెట్టి, వరస తప్పినవాళ్ళతో పోట్లాడి, గొంతు పోగొట్టుకుని వస్తున్నాడు. మీ అమ్మ మిరియాల పాలు కాచి ఇస్తే, తాగి మళ్ళీ ఇంట్లో పోట్లాడుతున్నాడు.

నీ పాయింట్ల సంగతి నాకు అర్థమైంది. కానీ ఇద్దరూ ఓడకుండా సమానంగా లేస్తే ఒక్కటే ఇస్తారా? కాలవ నీళ్ళ కాడ రెండు ఊళ్ళవాళ్ళు సమానంగా పంచుకుని లేస్తే పెద్దమనుషులు ఎంత మెచ్చుకుంటారు! అసలు దానికే ఎక్కువ ఇవ్వాలి. మీ ఆటకి ఆపాటి పెద్దరికం లేదు.

నిన్న తెరేసమ్మ ఇంట్లో జపమాల. వీధంతా వచ్చింది. జపమాల అయ్యాక ఎవరి మనవి వాళ్ళు చెప్పుకుంటాం గదా, నేను నీకోసం మనవి పెట్టాను. అందరూ ఒక్క గొంతుతో "ప్రభువా, మా మొర ఆలకించండి" అన్నారు. వెనక గోడకి ఆనుకుని కునికే రత్తయ్య కూడా అన్నాడు. ఎదురింటి పద్మావతమ్మ గారు కొండ మీద దుర్గమ్మకి కొబ్బరికాయ మొక్కుకున్నారంట. రెండువైపులా చెప్పి ఉంచాం. నువ్వు దిగులుపడమాక.

మిరపకాయ ఘాటుకి ముక్కులో కాస్త కొబ్బరినూనె రాసుకో.

మీ అత్త సంపూర్ణమ్మ


విజయవాడ, వన్ టౌన్
25 జనవరి 2025

అత్తా,

కొబ్బరినూనె పనిచేసింది. ఇప్పుడు జట్టు జట్టంతా పొద్దున లేవగానే ముక్కులు పట్టుకుని వరసగా నిలబడుతోంది. సీసా నా దగ్గరే ఉంది కాబట్టి నాకు గౌరవం పెరిగింది.

రెండు మ్యాచ్‌లు అయ్యాయి. విశాఖతో సమానం, కడపతో సమానం. రెండింట్లోనూ ఎవరూ గోల్ కొట్టలేదు. అంటే అత్తా, ఇప్పటిదాకా ఒక్క బంతి కూడా నన్ను దాటి లోపలికి వెళ్ళలేదు! విశాఖ వాళ్ళలో ఒక పొడుగమ్మాయి ఉంది, కర్ర ఎత్తితే చాలు మా వాళ్ళు పక్కకి తప్పుకుంటారు. ఆమె కొట్టిన బంతి నా పొట్టకి తగిలి బయటికి పోయింది. తర్వాత చూసుకుంటే పొట్ట మీద కమిలి నల్లగా అయింది. నొప్పి లేదు, నిజంగా లేదు. స్నానం చేసేటప్పుడు ఆ మచ్చ చూసుకుని నాలో నేను నవ్వుకుంటున్నాను.

మిగతా జట్ల ఆటలన్నీ అయిపోయాయి. విశాఖకి ఏడు పాయింట్లు, వాళ్ళు ఫైనల్‌కి వెళ్ళినట్టే. కడపకి నాలుగు, మాకు రెండు. అనంతపురం రెండూ ఓడింది. సోమవారం మాకు ఆ అనంతపురంతోనే ఆట. గెలిస్తే మాకు ఐదు అవుతాయి, ఫైనల్ మాది. సమానమైతే మూడే, అప్పుడు కడప వెళ్తుంది. కాబట్టి ఈసారి నీ పెద్దమనుషుల పంపకం మాకు పనికిరాదు.

అందరూ తేలికే అంటున్నారు. మేడం మాత్రం అనడం లేదు.

నీ హెలెన్


చర్చి వీధి
27 జనవరి 2025

నా తల్లికి,

నీ ఉత్తరం నిన్న చర్చికి వెళ్ళేముందు అందింది. చంకలో పెట్టుకునే పూజకి పోయాను. సాయంత్రం జపమాలలో నీకోసం మళ్ళీ మనవి పెట్టాను, ఈసారి ఇంకా గట్టిగా. నా గొంతు కాలవ అవతలి ఒడ్డుకి వినపడిందని తెరేసమ్మ అంది.

ఒక్క బంతీ లోపలికి పోలేదని చదివినప్పుడు మీ నాన్న లేచి బయటికి పోయి, పద్మావతమ్మ గారింటి అరుగు మీద కూర్చుని ఆ సంగతే వాళ్ళాయనకి చెబుతున్నాడు. ఆ గొంతు నా చెవికి కూడా వినపడింది.

పొట్ట మీద మచ్చకి వాము కాపడం పెట్టు. నువ్వు వచ్చేసరికి సున్నుండలు చేద్దామని మినుములు ఎండబెట్టాను. ఈ పాటికి మీ ఆట మొదలై ఉంటది.

మీ అత్త


విజయవాడ, వన్ టౌన్
28 జనవరి 2025

అత్తా,

అయిపోయింది.

ఓడలేదు. ఒకటికి ఒకటి, సమానం. మూడు మ్యాచ్‌ల్లోనూ ఓడలేదు, ఒక్కటీ గెలవలేదు. కడప ఫైనల్‌కి వెళ్ళింది. మేం మూడో స్థానంలో ఆగిపోయాం.

ముందు మేమే గోల్ కొట్టాం. సుస్మిత కొట్టింది, చాలా చక్కగా. ఆట ముగియబోతుండగా వాళ్ళకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. అంటే గీత మీద నుంచి ఒకరు బంతి అందిస్తే ఇంకొకరు నేరుగా గోల్ మీదికి కొడతారు. అలాంటివి ఈ వారంలో ఎన్ని ఆపానో. ఆ బంతి గట్టిగా కూడా రాలేదు. నేను కిందికి వంగేలోపు నా రెండు ప్యాడ్ల మధ్య నుంచి వెళ్ళిపోయింది. అది వెనక చెక్కకి తగిలిన చప్పుడు నాకు వినపడింది.

అనంతపురం అమ్మాయిలు గంతులేశారు. వాళ్ళకి ఈ టోర్నీలో దక్కింది ఆ ఒక్క గోలే. వాళ్ళ గోల్‌కీపర్ పరిగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, మీరు మిగతా ఆటల్లో ఆపినవన్నీ నేను చూశాను" అంది. నేను ఆమె హెల్మెట్ పట్టీ వదులైందని బిగించి పంపాను.

తిరిగొస్తే గోడౌన్ దగ్గర హమాలీలు ఆత్రంగా లేచారు. "గెలిచారా అమ్మా?" అని అడిగారు. సుస్మిత, "ఓడలేదన్నా" అంది. "అయితే టీ చెప్తా ఉండండి" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. అందరికీ టీ తెప్పించాడు. మేం తాగాం.

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. మినుములు ఎండబెట్టానని రాశావు. నాన్నకి ఈ సంగతి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు, నువ్వే చెప్పు. వీధిలో ఏమనుకుంటున్నారో కూడా దాచకుండా రాయి. టోర్నీ ముగింపు సభ అయ్యేదాకా అన్ని జట్లూ ఇక్కడే ఉండాలి.

నీ హెలెన్


చర్చి వీధి
30 జనవరి 2025

హెలెనూ,

దాచకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. వీధంతా అదే మాట. టాంకీ కాడికి పోతే బిందెలు పట్టుకున్నవాళ్ళు నన్ను చూసి మూతులు తిప్పుకుని నవ్వుతున్నారు. తెరేసమ్మ అయితే, "ఇంత పని చేసి ఏమీ ఎరగనట్టు ఎట్టా తిరుగుతున్నారమ్మా మీరు" అని మొహం మీదే అంది. కొబ్బరికాయ దండగైందని పద్మావతమ్మ గారు అరుగు మీద కూర్చుని అందరికీ చెబుతున్నారు. నేను ఇంట్లోంచి బయటికి రావటమే మానేశాను.

జరిగిందంతా బాబీ నీకు చెప్పే ఉంటాడు, వాడి నోట్లో ఏదీ ఆగదు. మళ్ళీ అదంతా నా చేత్తో రాయలేను తల్లీ. సిగ్గుగా ఉంది.

మీ నాన్న సంగతి చెప్పక్కర్లేదు. నీ ఉత్తరం చదివి వినిపించిన కాడి నుంచి మండిపోతున్నాడు. అన్నం కాడ అదే గొడవ, యార్డులో అదే గొడవ. మీ అమ్మ, వదినా ఇంక కదిలించొద్దని నాకు సైగ చేసింది.

నువ్వు కంగారుపడి ఇప్పుడే రామాక. వాడు చల్లారాలి. నాలుగు రోజులు పోతే వీధి కూడా మర్చిపోద్ది. సున్నుండలు చేశాను గానీ ఎవరికీ తినబుద్ధి కాలా.

మీ అత్త


విజయవాడ, వన్ టౌన్
1 ఫిబ్రవరి 2025

అత్తకి,

బాబీ నాకేమీ చెప్పలేదు. ఉత్తరం చేతిలో పెట్టి, నా మొహం చూసి, నవ్వు ఆపుకోలేక బండెక్కి వెళ్ళిపోయాడు. చెప్పనక్కర్లేదు కూడా. అర్థమైంది.

ఆ బంతి నా కాళ్ళ మధ్య నుంచే వెళ్ళింది. కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ ఈ ప్లేఆఫ్స్ మొత్తంలో నన్ను దాటిన బంతి అదొక్కటే. ఆ మాట మన వీధిలో ఒక్కరైనా అన్నారా? మిగతావాళ్ళ సంగతి సరే, నా వల్ల నువ్వు బయటికి రాలేకపోతున్నావని చదివాక నాకు ఇంకేమీ రాయాలనిపించలేదు. ఇది మూడో కాగితం. ముందు రెండూ చించేశాను.

నాన్నకి ఇచ్చిన మాట తప్పను. స్కూలులో చేరతానని చెప్పు. మేడం ఈసారి నాకే ఉంచుకోమన్న కిట్టు, అంటే ప్యాడ్లూ హెల్మెట్టూ అన్నీ, బాబీ బండిలో పంపేస్తున్నాను. నీ గోనెసంచుల పక్కన పెట్టు. ఇక వాటితో పని లేదు. నాన్న చల్లారేదాకా నేను ఇక్కడే సుస్మిత వాళ్ళింట్లో ఉంటాను.

పద్మావతమ్మ గారికి కొబ్బరికాయ గురించి క్షమించమన్నానని చెప్పు.

హెలెన్


చర్చి వీధి
3 ఫిబ్రవరి 2025

ఓసి పిచ్చిపిల్లా,

నీ ఉత్తరం చదివి ముందు బాబీ వీపు మీద ఒకటి వేశాను. "ఎందుకు చెప్పలేదురా దానికి?" అంటే, "మీ కథ నేనెందుకు చెప్తానండీ, మీరే రాసుంటారనుకున్నా" అన్నాడు. నేనేమో వాడు చెప్తాడనుకున్నా. ఇద్దరం కలిసి నిన్ను ఏడిపించాం.

వీధి నవ్వేది నిన్ను చూసి కాదు తల్లీ, నన్ను చూసి.

తెరేసమ్మ కూతురు కువైట్ వెళ్ళిన కాడి నుంచి మన వీధిలో ఊరు దాటిన ప్రతి ఒక్కరికీ మనవి ఒకటే. "ప్రయాణంలో ఉన్న మా బిడ్డని చల్లగా, తొందరగా ఇంటికి చేర్చండి." నోటికి అలవాటైపోయింది. ఆ రోజు తెరేసమ్మ ఇంట్లో లేచి నీ పేరు చెప్పి, నోటికొచ్చిన ఆ మనవే పెట్టేశాను. గెలిపించమని అడగటం గుర్తే రాలా! ఆదివారం మళ్ళీ అదే, ఇంకా గట్టిగా. వీధంతా ఆలకించమంది. ఆయన ఆలకించాడు. పెద్ద దెబ్బ తగలకుండా, ఓడకుండా, చల్లగా. ఫైనల్ లేకుండా, తొందరగా. అడిగింది అడిగినట్టు ఇచ్చాడు.

ఈ సంగతి పట్టిందెవరనుకున్నావు? కునికే రత్తయ్య. నువ్వు సమానమై ఆగిపోయావని వీధికి తెలిసిన రోజు జపమాలలో నేను కళ్ళు తుడుచుకుంటుంటే, వెనక నుంచి లేచి, "పిల్లని తొందరగా ఇంటికి పంపమంది నువ్వేగా సంపూర్ణమ్మా! పంపాడు. మళ్ళీ ఏడుపెందుకు?" అన్నాడు. ఫాదర్ గారితో సహా అందరూ పడీ పడీ నవ్వారు. పద్మావతమ్మ గారికి తెలిసి ఆవిడ మొదలుపెట్టారు. "మా దుర్గమ్మ అటు గెలిపిద్దామని లాగుతుంటే, మీరేమో ఇటు ఇంటికి పంపమని లాగారు. అందుకే పిల్ల మధ్యలో సమానమై ఆగింది. నా కొబ్బరికాయ దండగ చేశారు గదండీ" అంటున్నారు. తెరేసమ్మ ఇంత పని చేశారంది కూడా నన్నే.

నవ్వితే నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక నువ్వు రాసిన ఆ మాట గుర్తొచ్చింది, నిండుగా ఉంటానని. అందరిలోకీ నాకొక్కదానికే చెప్పావు. ఆ చెప్పించుకున్నదాన్నే ఒక్క నిమిషం ఆలోచించకుండా నీకు అడ్డం పడ్డాను. నీ కాళ్ళ మధ్య నుంచి ఆ బంతిని నేనే తోసినట్టుంది. అందుకే బయటికి రాలా, అందుకే రాయలా.

ఇక మీ నాన్న. వాడు మండింది నీ మీద కాదు, మీ ఆట పద్ధతి మీద. యార్డులో చెరకు ట్రాక్టర్లు ఆపి మరీ అడుగుతున్నాడంట. "ఓడని జట్టుని ఇంటికెట్టా పంపుతారు? మన బండి వరసలో ఉండగానే గేటు మూశారనుకో. తెల్లారి గేటు తీస్తే ఆ బండి ముందుకి పోవాలా, ఇంటికి పోవాలా? చెప్పండి!" డ్రైవర్లు ముందుకే పోవాలని ఒప్పుకున్నారంట. ఒప్పుకోకపోతే టోకెన్ ఇచ్చేది వాడే గదా.

"ఒరే, ఫైనల్‌కి పోకపోతే చాలనిపించేస్తానంది నువ్వేగా" అని నేను గుర్తుచేశాను. "నా మాటలు నాకే చెప్పమాక అక్కా" అని కసురుకున్నాడు. మళ్ళీ తనే, "అమ్మాయికి రాయి. వరస వదలొద్దను. ఓడితే ఓడి రమ్మను, గెలిస్తే గెలిచి రమ్మను. ఈ మధ్యరకంగా మాత్రం రావద్దను" అన్నాడు. వాడి మాట పొల్లుపోకుండా రాశాను. ఇప్పుడు పక్కనే కూర్చుని, రాశానా లేదా అని కాగితంలోకి చూస్తున్నాడు, ఏదో చదవటం వచ్చినట్టు. స్కూలు వాళ్ళకి వచ్చే ఏడాది చూద్దామని నిన్ననే చెప్పొచ్చాడు.

కిట్టు నేను గోనెసంచుల పక్కన పెట్టలా. ఎండలో పరిచి, మిరప ఘాటు పోయేదాకా దులిపి, మళ్ళీ బాబీ బండెక్కించాను. సున్నుండల డబ్బా కూడా అందులోనే ఉంది. నువ్వు ఆపినవి ఎన్ని, వదిలింది ఒకటేగా అని ఈ వీధిలో ఎవరైనా అన్నారా అని అడిగావు. మీ నాన్న అన్నాడు. రోజూ అంటూనే ఉన్నాడు.

మీ అత్త సంపూర్ణమ్మ


విజయవాడ
5 ఫిబ్రవరి 2025

అత్తా! అత్తా!

నీ ఉత్తరం నేను సుస్మిత వాళ్ళ మెట్ల మీద కూర్చుని చదివాను. సగంలో ఏడ్చాను, సగంలో నవ్వాను. ఏది ముందో సుస్మితని అడుగు. ఆమె నా చేతిలోంచి లాక్కుని మా వాళ్ళందరి ముందూ పైకి చదివింది. నన్ను తిట్టకు. మేడం కళ్ళు తుడుచుకుంటూ, "జట్టు ఫైనల్ దాకా ఎందుకు రాలేదో రాసి పంపమని హాకీ సంఘం వాళ్ళు అడుగుతున్నారు. ఇన్ని రోజులుగా ఏం రాయాలా అని చూస్తున్నాను, ఇప్పుడు దొరికింది" అన్నారు.

కిట్టు అందింది. హెల్మెట్ నిండా బెల్లం వాసన. సున్నుండలు మేడందాకా చేరకముందే అయిపోయాయి.

ఒక్క మాట మాత్రం నవ్వకుండా చెప్పాలి. ఆ బంతి నువ్వు తొయ్యలేదు. కుడి మోకాలు దించడం నాకు ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందో కూడా తెలుసు, అప్పటికే మనసులో ఫైనల్ ఆడేస్తున్నాను. ఆ తప్పు నాది. దిద్దుకోవడానికి నాకది కావాలి. నువ్వు పట్టుకుపోవద్దు.

నాన్నకి చెప్పు, వరస వదలను. మార్చిలో శిక్షణ మళ్ళీ మొదలవుతుంది.

ఆదివారం గుణదల తిరునాళ్ళకి నువ్వు ఎలాగూ వస్తావు. జట్టు మొత్తం అక్కడికి వస్తోంది, నిన్ను చూడాలట. వచ్చే ఏడాది మనవి విషయంలో మాత్రం కాస్త ఆలోచించు. అలాగని మమ్మల్నే గెలిపించమని అడగొద్దు, అనంతపురం అమ్మాయిలకీ అత్తలు ఉంటారు. ఏమని అడగాలో నాకూ తెలియడం లేదు. నువ్వే చూడు.

నీ హెలెన్


చర్చి వీధి
13 ఫిబ్రవరి 2025

నా తల్లి హెలెన్‌కి,

మీ పిల్లలందరూ గుణదల కొండ మెట్ల మీద నా చుట్టూ చేరి, ఒకరి తర్వాత ఒకరు నా చెవిలో పేర్లు అరిచి చెప్పారు చూడు, ఆ హోరు ఇంకా చెవిలోనే ఉంది. ఇన్నాళ్ళకి నాకు అన్ని మాటలూ వినపడ్డాయి. సుస్మిత మాత్రం మరీ పుల్లలా ఉంది, దాన్ని రెండు పూటలా పెరుగన్నం తినమను. మీ మేడం నా చేతులు పట్టుకుని గోనె ప్యాడ్లు ఎట్టా కుట్టావని అడిగిందే, ఆవిడకి ఒక జత కుట్టటం మొదలుపెట్టాను. ఆడుకోటానికి కాదంట, గోడకి తగిలించుకుంటదంట. పెద్దవాళ్ళ సరదాలు.

నిన్న జపమాల మన ఇంట్లో. నిన్ను చూసొచ్చానని తెలిసి వీధంతా పెందలాడే వచ్చి కూర్చుంది. పద్మావతమ్మ గారు కూడా వచ్చి గుమ్మం కాడ కుర్చీ వేయించుకున్నారు, ఈసారి నేనేం అడుగుతానో తన చెవులతో వినాలంట. మనవుల వేళకి నేను లేచాను. లేవగానే రత్తయ్య వెనక నుంచి, "సంపూర్ణమ్మా, చూసి అడుగు!" అన్నాడు. అందరూ కిసుక్కున నవ్వారు. మీ నాన్న, "ష్" అని కసిరాడు.

అందరి కళ్ళూ నా మీదే తల్లీ. నువ్వు గోలు ముందు నిలబడితే ఇట్టాగే ఉంటదేమో అనుకున్నాను. కళ్ళు మూసుకుని, నోటికొచ్చింది కాకుండా మనసుకొచ్చింది అడిగాను.

"ప్రభువా, మా హెలెన్‌ని నిండుగా ఆడనివ్వండి. ఆట పూర్తిగా అయ్యాకే చల్లగా ఇంటికి చేర్చండి. తొందరేమీ లేదు."

అందరూ ఆలకించమన్నారు. అందరికంటే గట్టిగా వినపడింది మీ నాన్న గొంతు.

మీ అత్త సంపూర్ణమ్మ